ఆలోచన సంఘంలో కొత్త సభ్యురాలు

"ఆత్మ" అనగానే మన క్లాసులో అందరికీ ఉపనిషత్తులు గుర్తుకొస్తాయి. మా తిరుత్తణి వైపు రైతులకు మాత్రం గుర్తొచ్చేది వ్యవసాయాఫీసు. అగ్రికల్చరల్ టెక్నాలజీ మేనేజ్‌మెంట్ ఏజెన్సీ అనే నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కూర్చితే వచ్చిన పేరది. సరిహద్దుకు అటు ఆంధ్రలో "ఆత్మ" అనే పలుకుతారు, ఇటు తమిళనాట "అట్మా" అంటారు. జిల్లాకొక ఆత్మ ఉంటుంది. అది రిజిస్టరైన సొసైటీ, దాని పాలక మండలికి జిల్లా కలెక్టరు అధ్యక్షులు. దాని కింద ప్రతి బ్లాకులో అచ్చంగా రైతులతోనే ఒక సలహా కమిటీ ఉండాలని నియమం. ఈ బ్లాకులో ఏ కొత్త విత్తనం, ఏ పద్ధతి, ఏ యంత్రం రైతులకు చూపించాలి, ఎవరికి నేర్పించాలి అనే విషయంలో ఆ రైతులు ప్రభుత్వానికి సలహా చెప్పాలి. మా తిరువళ్ళూరు జిల్లాలో 14 బ్లాకులు. అంటే అలాంటి కమిటీలు 14 ఉండాలి.

వాటిలో ఒకదాంట్లో ఈమధ్య మా పెద్దమ్మ సభ్యురాలైంది. తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్.కె. పేట, తిరువాలంగాడు, వీటిలో ఏ బ్లాకో చెప్పకపోయినా మీకొచ్చే నష్టం లేదు. ఆమె చదువు ఐదో తరగతి, అదీ తెలుగు బడిలో. తమిళం బాగా మాట్లాడుతుంది, చదవడం కూడబలుక్కుని. "ఆడోళ్ళు గూడా ఉండాలన్నారంట, నా పేరు రాసుకోని పొయ్యినారు. నాకేం తెలుస్తాది పాపా, సంతకం పెట్టమంటే పెట్టొచ్చేస్తా" అని ఫోన్లో చెప్పింది. ఆ మాట నాకు నచ్చలేదు. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఆ పథకం మార్గదర్శకాలు ఇంగ్లీషులోవి, తమిళంలోవి దొరికినంతవరకు ముందేసుకుని, కొత్త సభ్యురాలికి ఏం తెలిస్తే చాలో తెలుగులో రెండు పేజీలు రాసిచ్చాను. మన హాస్టల్లో పొన్నేరి నుంచి, ఊత్తుకోట నుంచి, గుమ్మిడిపూండి నుంచి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. మీ ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు ఏదో ఒక కమిటీలో ఉండే ఉంటారు కాబట్టి అదంతా ఇక్కడ విడమరిచి రాస్తున్నాను.

ముందు పేరుతోనే చిక్కు. కమిటీ తమిళ పేరు "వట్టార ఉళవర్ ఆలోసనై కుళు". వట్టారం అంటే బ్లాకు, ఉళవర్ అంటే దున్నేవాళ్ళు, కుళు అంటే సంఘం. ఆలోసనై అంటే తమిళంలో సలహా. కానీ తెలుగు చెవికి అది "ఆలోచన"గానే వినిపిస్తుంది. "ఆలోచన చేసేదానికి గూడా ఒక కమిటీనా? ఇంటికాడ మనం చేసేది ఏందంటా?" అని పెద్దమ్మ నవ్వింది. రెండూ ఒకే సంస్కృత పదం నుంచి వచ్చినవే. ఒక భాషలో అది తలలోనే ఉండిపోయింది, ఇంకో భాషలో నోటిదాకా వచ్చింది. భాషాశాస్త్రం మేడమ్ అర్థవిపరిణామం పాఠానికి ఉదాహరణ అడిగితే నేను ఇదే చెబుతాను.

"టెక్నాలజీ" అన్న మాట ఇంకా బెదరగొడుతుంది. కమిటీకొచ్చే కొత్తవాళ్ళకు డ్రోన్లు, ట్రాక్టర్లు, కంప్యూటర్లు తట్టి, మనకెందుకులే అనుకుంటారు. తమిళంలో దానికి "తొళిల్‌నుట్పం" అంటారు. విడదీస్తే, పనిలోని సూక్ష్మం. మన "సాంకేతిక పరిజ్ఞానం" కంటే ఇది ఎంతో దగ్గరి మాట అని నాకనిపిస్తుంది. విత్తనానికి మందు పట్టించి ఆరబెట్టడం పనిలోని సూక్ష్మమే. సాలుకు సాలుకు ఎంత ఎడం వదలాలి, జిప్సం ఎన్నో రోజున వెయ్యాలి, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఆ సంగతి చెప్పాకే పెద్దమ్మ సర్దుకుని కూర్చుంది.

ఈ కమిటీలు ఎందుకు పుట్టాయో కొంచెం వెనక్కి వెళ్ళి చూడాలి. 1970ల నుంచి మన దేశంలో ప్రపంచ బ్యాంకు సాయంతో "ట్రెయినింగ్ అండ్ విజిట్" అనే పద్ధతి నడిచింది. డేనియల్ బెనోర్ అనే ఇజ్రాయిల్ నిపుణుడు దాన్ని తీర్చిదిద్దాడు. పరిశోధనా కేంద్రం ఒక మాట చెబుతుంది, దాన్ని ఉద్యోగి నేర్చుకుంటాడు, పదిహేను రోజులకొకసారి ఊరికొచ్చి ఎంపిక చేసిన రైతుకు చెబుతాడు, ఆ రైతు మిగతావాళ్ళకు చెబుతాడు. నీళ్ళ కాలవలాగా అంతా పైనుంచి కిందికే. కాలవ చివరి మడికి నీళ్ళెంత అందుతాయో మనకు తెలిసిందే. కింది రైతు ఏం అడుగుతున్నాడో పైకి పోయే దారి అందులో సన్నం. అందుకని 1998లో మొదలైన జాతీయ వ్యవసాయ సాంకేతిక ప్రాజెక్టులో, ఏడు రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో ఆత్మను ప్రయోగంగా పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో వాటికి దొరికిన జిల్లాలు నాలుగు: ఆదిలాబాద్, కర్నూలు, ప్రకాశం, చిత్తూరు. తమిళనాడు ఆ ఏడింటిలో లేదు. మా తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. అప్పుడు గీత ఇంకొంచెం కిందికి గీసుంటే ఆత్మ మాకు కొన్నేళ్ళు ముందే వచ్చుండేది. సరే, 2005-06లో దాన్ని దేశమంతటికీ పెంచడం మొదలైంది, 2010లో నియమాలు సవరించారు. రైతు సలహా కమిటీలకు, రెండూళ్ళకొక రైతు మిత్రుడికి ఆ సవరణలో గట్టి చోటు దొరికింది. ఇప్పుడు ఖర్చులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెట్టుకుంటాయి.

పని జరిగే తీరు ఇది. బ్లాకు స్థాయిలో వ్యవసాయం, తోటలు, పశువులు, పట్టుపురుగులు ఇలా వేర్వేరు శాఖల ఉద్యోగులు కలిసి ఒక బృందంగా ఉంటారు. వచ్చే ఏడాది ఈ బ్లాకులో ఏమేం చెయ్యాలో వాళ్ళు ఒక కార్యాచరణ ప్రణాళిక తయారు చేస్తారు. అందులో ఉండేవి ముఖ్యంగా కొన్ని రకాల పనులే. ఒక రైతు పొలంలో కొత్త పద్ధతిని పండించి చూపించడం, దీన్ని తమిళంలో "సెయల్ విళక్కం" అంటారు. శిక్షణ. ఆరితేరిన రైతు పొలంలోనే పంటకాలం పొడుగునా నడిపే "పణ్ణైపళ్ళి", ఆంధ్రలో పొలంబడి అని వాడుకలో ఉన్నదానికి చుట్టం. ఇంకో ఊరికో పరిశోధనా కేంద్రానికో తీసుకెళ్ళి చూపించడం, దానికి తమిళంలో "కండుణర్వు సుట్రులా" అని చక్కటి పేరు ఉంది, కళ్ళారా చూసి తెలుసుకొచ్చే ప్రయాణం. రైతులూ శాస్త్రవేత్తలూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే సమావేశం. ప్రణాళిక కాగితాన్ని ఈ రైతు సలహా కమిటీ చూసి, మార్పులు చెప్పి, ఒప్పుకున్నాక అది జిల్లాకు పోతుంది. అన్ని బ్లాకులవీ కలిపి జిల్లా ప్రణాళిక, జిల్లాలవి కలిపి రాష్ట్ర ప్రణాళిక.

ఇందులో కొత్త సభ్యురాలు పట్టుకోవాల్సిన కొస ఒక్కటే. ఆ కాగితంలో రాసి ఉన్నదానికే డబ్బొస్తుంది. కమిటీ దేన్నీ మంజూరు చెయ్యదు, ఎవరికీ ఏదీ పంచదు. చెప్పడం వరకే దాని అధికారం. కానీ ఆ చెప్పిన మాట కాగితంలోకి ఎక్కితే దానికొక కాలమ్ వస్తుంది, కాలమ్‌కు ఎదురుగా అంకె వస్తుంది. ఎక్కకపోతే సమావేశంలో ఎంత బాగా మాట్లాడినా టీతోపాటు ఆవిరైపోతుంది.

మొదటి సమావేశం నుంచి వచ్చి పెద్దమ్మ చెప్పినదాన్నిబట్టి చూస్తే, కొత్తగా వచ్చిన రైతులందరూ తమ గోడు చెప్పుకున్నారు. కరెంటు రాత్రిపూట వస్తోందని ఒకరు, అడవిపందులు చేను తవ్వేస్తున్నాయని ఒకరు, సొసైటీ లోను రాలేదని ఒకరు. అన్నీ నిజమే. అయితే వాటికి వేరే తలుపుంది. కలెక్టరాఫీసులో నెలనెలా రైతుల అర్జీల కోసం పెట్టే రోజుంటుంది, అక్కడ చెబితే సంబంధించిన శాఖకు పోతుంది. సలహా కమిటీలో చెబితే విన్న ఉద్యోగి తలూపుతాడు, అంతే. అతని చేతిలో లేదు మరి. మన భాషలో గోడు వేరు, ఫిర్యాదు వేరు, సలహా వేరు. గోడు వినేవాడుంటే చాలు. ఫిర్యాదుకు బాధ్యుడు కావాలి. సలహాకు ముందు లెక్క కావాలి.

పెద్దమ్మ చెప్పాలనుకున్న మాట ఇది: "మాకు చెనిక్కాయ కలిసిరావడం లేదు సార్." ఇది గోడు. దీన్ని సలహాగా మార్చడానికి మాకు ఒక పూటంతా పట్టింది. ప్రశ్న మీద ప్రశ్న అడుగుతూ పోయాను. కలిసిరాకపోవడమంటే ఏంది? దిగుబడి తక్కువ. మొక్క బాగుండటం లేదా? మొక్క ఏపుగానే ఉంటుంది, పెరికితే లొట్ట కాయలు ఎక్కువ, గింజ పట్టదు. నీకొక్కదానికేనా? వీధిలో చెనిక్కాయ పెట్టిన ఇళ్ళన్నిట్లో ఉంది. జిప్సం వేస్తున్నారా? వేసేవాళ్ళు కొందరు, వెయ్యనివాళ్ళు ఎక్కువ. వేసేవాళ్ళు ఎంత వేస్తున్నారు? ఇక్కడ అసలు సంగతి బయటపడింది.

చెనిక్కాయ ఊడ నేలలోకి దిగాక, కాయ తనకు కావాల్సిన సున్నాన్ని వేరు ద్వారా కాక తన చుట్టూ ఉన్న మట్టిలోంచే నేరుగా తీసుకుంటుంది. అది అందకపోతే పైన చెట్టు పచ్చగానే ఉంటుంది, లోపల కాయ లొట్టబోతుంది. అందుకే పూత, ఊడలు దిగే దశలో మొక్క పక్కనే జిప్సం వేసి మట్టి ఎగదొయ్యమంటారు. తమిళనాడు సిఫారసు హెక్టారుకు 400 కిలోలు, అంటే ఎకరాకు దాదాపు 160. ఆంధ్రలో సిఫారసు హెక్టారుకు 500, ఎకరాకు 200. నగరిలో ఉండే మా చిన్నమామ 200 కిలోలు వేస్తాడు, అక్కడి ఆఫీసులో అదే చెప్పారంటాడు. ఇటు వైపు అన్న 160 చాలంటాడు, ఇక్కడి కాగితంలో అదే ఉంది. ఇద్దరి చేలకూ మధ్య దూరం ఒక బస్సు టికెట్టు. మట్టి ఒకటే ఎర్రమట్టి. మధ్యలో ఉన్నది రాష్ట్రాల సరిహద్దు. దేన్ని నమ్మాలో తెలియక చాలామంది ఏదీ వెయ్యకుండా వదిలేస్తున్నారు, మూటల కొద్దీ మోసి చల్లే కూలి కూడా ఎందుకు దండగ అని. ఆ చల్లేది, పెరికేది, కాయలు కోసేది, విత్తనానికి గింజలు వలిచేది అంతా ఆడవాళ్ళేనని వేరే చెప్పక్కర్లేదు.

కడకు మాట ఇలా తేలింది: "మా వీధిలో పదకొండు ఇళ్ళవాళ్ళం చెనిక్కాయ పెడతాము. తొమ్మిది ఇళ్ళల్లో లొట్ట కాయలు ఎక్కువగా ఉన్నాయి. జిప్సం ఎంత వెయ్యాలని రెండు మాటలు వినిపిస్తున్నాయి. మా మట్టి పరీక్ష చేయించి, ఒకే చేనులో పక్కపక్కన ఒక మడిలో 160, ఒక మడిలో 200, ఒక మడిలో అసలు వెయ్యకుండా పండించి చూపించండి. కాయ పెరికే రోజు మా వీధి ఆడవాళ్ళందర్నీ పిలవండి." ఇందులో ఎవరికి, ఏ పంటకు, ఏం ఇబ్బంది, ఏం కావాలి, అన్నీ ఉన్నాయి. ఇది సెయల్ విళక్కం అనే కాలమ్‌లో సరిగ్గా కూర్చుంటుంది. ఆఫీసరు చెయ్యాల్సిందల్లా ఎక్కించడమే.

ఇంకో ఆధారం కూడా ఆమె చేతికిచ్చాను. ఆత్మ నియమాల ప్రకారం కార్యక్రమాలకు పెట్టే వనరుల్లో కనీసం 30 శాతం మహిళా రైతులకూ మహిళా ఉద్యోగులకూ వెళ్ళాలి. పేరు రాసుకుపోయినప్పుడు ఎవరూ ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. చెప్పకూడదని కాదు, గంటలో ముగిసే పరిచయ సమావేశంలో పథకం చరిత్ర, పటాలు, నాయకుల మాటలు అయ్యేసరికి టైమైపోతుంది. కానీ ఆడవాళ్ళు ఉండాలి కాబట్టి ఉన్నాననుకునే మనిషికీ, ఆ 30 శాతం ఎక్కడ ఖర్చయిందో అడగడానికి ఉన్నాననుకునే మనిషికీ కుర్చీలో కూర్చునే తీరే వేరుగా ఉంటుంది.

వడ్ల విషయంలో అడగాల్సింది కూడా ఉంది. తిరువళ్ళూరు పక్కనే తిరూరులో వరి పరిశోధనా కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. అక్కడి విత్తనాలకు టి.కె.ఎం. అని పేరు, తిరూర్‌కుప్పం అనే ఊరి పేరు మీద. 1952 నాటి టి.కె.ఎం. 6 ను కాండం తొలిచే పురుగును తట్టుకుంటుందని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవాళ్ళు తీసుకెళ్ళి ఐ.ఆర్. 20 కి తల్లిదండ్రుల్లో ఒకటిగా వాడుకున్నారు. 2015లో వచ్చిన టి.కె.ఎం. 13 కైతే తల్లిదండ్రులిద్దరూ తెలుగువాళ్ళే: వరంగల్ నుంచి వచ్చిన డబ్ల్యు.జి.ఎల్. 32100, మార్టేరు నుంచి వచ్చిన స్వర్ణ. మా వైపు సన్నబియ్యమంటే బాపట్ల బి.పి.టి. 5204 తప్ప మరొకటి ఎరగనివాళ్ళున్నారు. పక్కూళ్ళో ఇంత పని జరుగుతుంటే అది మన మడిదాకా ఎందుకు రాలేదని అడగడం కూడా సలహాలోకే వస్తుంది. శాస్త్రవేత్తలతో ముఖాముఖి మా ఊళ్ళో పెట్టండి అంటే సరిపోతుంది.

చదువు అంతగా లేని ఆడవాళ్ళు ఇలాంటివి అడగగలరా అని మన క్లాసులోనే ఒకరన్నారు. 2001 జూన్‌లో మెదక్ జిల్లా ఆల్గోల్ అనే ఊళ్ళో "ప్రజాతీర్పు" అని ఒకటి జరిగింది. అది సర్కారు కమిటీ కాదు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, ఇంకొన్ని సంస్థలు, విదేశీ పరిశోధకులు కలిసి పెట్టింది. అప్పటి ప్రభుత్వం "విజన్ 2020" అని ఒక పత్రం తెచ్చింది. వ్యవసాయం మీద బతికేవాళ్ళను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్నది అందులో ఒక లక్ష్యం. యంత్రాలు, జన్యుమార్పిడి విత్తనాలు సరేసరి. దాని మీద తీర్పు చెప్పడానికి చిన్న, సన్నకారు రైతులను జ్యూరీగా కూర్చోబెట్టారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. మూడు రకాల భవిష్యత్తులను వీడియోలుగా తీసి చూపించారు. ప్రభుత్వం తరఫువాళ్ళనూ, విత్తనాల కంపెనీవాళ్ళనూ, శాస్త్రవేత్తలనూ సాక్షులుగా పిలిచి ప్రశ్నించే అవకాశమిచ్చారు. రోజుల తరబడి విని, తమలో తాము మాట్లాడుకుని వాళ్ళు చెప్పిన తీర్పు విజన్ 2020కి వ్యతిరేకంగా వచ్చింది. ఆ తీర్పు సరైనదా కాదా అని అప్పట్లో పెద్ద వాదం నడిచింది, నిర్వహించిన తీరు మీద కూడా. ఆ వాదంలోకి నేను పోను. నాకు ముఖ్యమనిపించింది వాళ్ళకిచ్చిన వ్యవధి. డెన్మార్క్‌లో 1987 నుంచి టెక్నాలజీ విషయాల మీద మామూలు జనంతో సభలు పెట్టేవారు. అందులో కూర్చునేవాళ్ళకు ముందుగా రెండు వారాంతాలు విషయం వివరించి, ఆ తర్వాతే నిపుణులను ప్రశ్నించమనేవారు. అక్కడ రెండు వారాంతాలు, ఆల్గోల్‌లో కొన్ని రోజులు, మా బ్లాకులో ఒక గంట.

ఆ గంటను పెంచడం పెద్దమ్మ చేతిలో లేదు, కానీ ముందురోజే కాగితం అడిగి తెచ్చుకోవడం ఆమె చేతిలో ఉంది. సమావేశంలో చర్చించే అంశాలేవో ముందు అడగాలి. ఇంట్లో చదువుకునే పిల్లలెవరైనా ఉంటే వాళ్ళచేత చదివించుకోవాలి. సమావేశమయ్యాక తీర్మానం రాసిన పుస్తకంలో సంతకం పెట్టేముందు తన మాట అందులో ఉందో లేదో అడిగి చదివించుకోవాలి. తీర్మానం అన్న మాట మనకూ తమిళులకూ ఒకటే, ఆ ఒక్క పదం పట్టుకుంటే చాలు. ఆ పేజీని ఫోన్లో ఫోటో తీసుకోవాలి. ఫోటో తీస్తే ఏమనుకుంటారో అని ఆమెకు మొహమాటం. "చదువుకునే పాప అడిగింది సార్ అని చెప్పు" అన్నాను.

కాలం సంగతి మరవకూడదు. ప్రభుత్వానికి ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఫారాల్లో ఖరీఫ్, రబీ అని రెండే ఉంటాయి. మా వైపు వరికి సొర్ణవారి, సంబా, నవరై అని మూడు కార్లు, చెనిక్కాయకు దాని లెక్క దానిది. వచ్చే ఏడాది చేలో కావాల్సిన పని ఈ ఏడాది సంక్రాంతికి అటూ ఇటూగానే చెప్పాలి. విత్తనం పెట్టే రోజున గుర్తొచ్చి అడిగితే ఆ ఏటి కాగితం ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది.

పెద్దమ్మ నా రెండు పేజీలనూ మడిచి రేషన్ కార్డు కవర్లో పెట్టుకుంది. మళ్ళీ సమావేశం సంబా నాట్లయ్యాక అన్నారట. ఆలోపల పక్క వీధిలోనూ లొట్ట కాయల లెక్క అడుగుతానంది. ఒక్కో ఇంటి లెక్క రాత్రిపూట ఫోన్లో చెబుతోంది, నేను రాస్తున్నాను. నిన్నటికి పంతొమ్మిది ఇళ్ళు.